పడవెక్కిన నోటరీ గారు

ముప్పై నాలుగేళ్ళ పాటు తౌబతే ఊళ్ళో ఒతాసీలియో విలేనా ముద్ర పడనిదే ఇల్లు చేతులు మారలేదు, పెళ్ళి పెళ్ళి అనిపించుకోలేదు, చచ్చినవాడు కూడా చట్టప్రకారం చచ్చినట్టు కాలేదు. ఆయన నోటరీ. ఆయన కాఫీ తాగడం పూర్తయ్యేదాకా జనం కాగితాలు పట్టుకుని వరసలో నిలబడి ఆయన మీసం వైపు చూస్తూ ఉండేవారు. సంతకంలో ఒక తోక అటూ ఇటూ అయిందంటే, "ఇది మీ సంతకం కాదు" అని సంతకం పెట్టినవాడి మొహం మీదే చెప్పేవాడు. ఆ మనిషి నీళ్ళు నమిలి, మళ్ళీ పెట్టేవాడు.

అలాంటి ఒతాసీలియో అరవై మూడో ఏట ఆఫీసు వదిలి, మిగిలిన జీవితమంతా తెరచాప పడవ మీదే గడుపుతానని ప్రకటించాడు. ఆయన ఏదీ ఊరికే చెప్పడు, ప్రకటిస్తాడు. అప్పటికే ఊరి బయట జలాశయంలో రెండు వారాంతాలు పడవ నడపడం నేర్చుకున్నాడు. ఆ జలాశయంలో అల లేదు, ఆటు లేదు, పోటు లేదు. నాలుగు బాతులుండేవి. అవి కూడా ఆయన్ని చూసి పక్కకి తప్పుకునేవి. ఆఖరి రోజున ఇచ్చిన సర్టిఫికెట్‌కి చట్రం కట్టించాడు.

భార్య జుల్మీరా ముప్పై ఏళ్ళు కాన్పుల వార్డులో నర్సుగా చేసింది. కేకలకీ నెత్తుటికీ బెదిరే మనిషి కాదు.

"నాకు ఈత అంతంతమాత్రం," అంది.

"ఈత పడిపోయేవాళ్ళకి కావాలి. మనం పడం," అన్నాడు ఒతాసీలియో.

ఆవిడ ఒక్క సంచీ సర్దుకుంది.

పరాచీ రేవులో కొన్న పడవ అప్పజెప్పడానికి జెనేజియో అనే జాలరి వచ్చాడు. డెబ్బైకి దగ్గరపడ్డవాడు. పాత యజమాని దగ్గర ఇరవై ఏళ్ళపాటు ఆ పడవని కనిపెట్టుకుని ఉన్నవాడు. ఒతాసీలియో సామాను ఒక్కొక్కటే కారులోంచి దిగుతుంటే తాటాకు టోపీ కొంచెం పైకి జరుపుకుని చూశాడు. సినిమాహాలు ముందర పెట్టుకునేంత కాఫీ యంత్రం, ఇస్త్రీపెట్టె, రెండు జతల తోలు బూట్లు, గోడ గడియారం, సముద్రయానం గురించి పదమూడు లావుపాటి పుస్తకాలు, ఆ సర్టిఫికెట్. జెనేజియో మొహంలో ఏమీ కదల్లేదు. కదలకుండా ఉంచడానికి ఎంత కష్టపడుతున్నాడో జుల్మీరా గమనించింది.

పడవ పక్కన కొత్తగా రాయించిన పేరుని కూడబలుక్కుంటూ చదివాడు. 'ఫె పూబ్లికా.' నోటరీ అన్నదే నిజమని లోకమంతా నమ్మాలి కదా, ఆ నమ్మకానికి చట్టం పెట్టిన పేరది.

"నమ్మకం మంచిదే, డాట్రుగారూ," అన్నాడు జెనేజియో. బూట్లు వేసుకుని సంతకం పెట్టే ప్రతివాడూ అతనికి డాక్టరే. "దాంతోపాటు లంగరు గొలుసు ఇంకో పది బారలుంటే మరీ మంచిది. ఓ వారం రోజులు నేనూ ఉంటాను. గాలీ అదీ చూపిస్తాను."

"అవసరం లేదు. నాకు శిక్షణ అయింది. నీ దగ్గర ఏ కాగితం ఉంది?"

"ఉండేదండీ. తడిసిపోయింది."

అలా జెనేజియోని పంపించేశారు. శనివారం శనివారం చేపలు తెచ్చిపెట్టడానికి మాత్రం ఒప్పందం కుదిరింది.

మొదటి రోజే ఒతాసీలియో ఓడ నియమావళి తయారుచేశాడు. నలభై ఒక్క క్లాజులు. వంటపొయ్యి పైన అంటించాడు. జుల్మీరా కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివింది.

"'కెప్టెన్ ఆజ్ఞను సిబ్బంది తిరిగి ఉచ్చరించవలెను.' సిబ్బంది ఎవరు?"

"నువ్వు."

"నీకు మతిపోయిందని నేను అంటే, అది కూడా ఉచ్చరించాలా?"

"అది ఆజ్ఞ కాదు, అభిప్రాయం. దానికి క్లాజు లేదు."

ఆయన రాసిన వాటిలో ఆయనకి బాగా ఇష్టమైనది ముప్పైమూడో క్లాజు. పడవ దినచర్య పుస్తకంలో ప్రతి పేజీ కింద ఇద్దరు సాక్షుల సంతకాలుండాలి. సాక్షి సంతకానికి ఒప్పుకోని పేజీ చెల్లదు. చెల్లని పేజీ తర్వాత కొత్త పేజీ మొదలుపెట్టకూడదు. ఒక సాక్షి జుల్మీరా. రెండోవాడి కోసం వెతకగా, చేపలబుట్టతో వచ్చే జెనేజియోయే దొరికాడు. అతను శనివారం వచ్చి, చేతులు ప్యాంటుకి తుడుచుకుని, ఆ వారం పేజీలన్నిటి కిందా తన పేరు నెమ్మదిగా చెక్కినట్టు రాసేవాడు. పేజీలు చేపల వాసన వేసేవి.

ఇక పడవ ఆయన్ని ఎలా చూసుకుందంటే, మొదటి వారంలోనే పదకొండుసార్లు తలమీద కొట్టింది. గది మెట్ల దగ్గర ఒక దూలం ఉంది. అది ఒతాసీలియో కనుబొమ్మలకి సరిగ్గా సమానమైన ఎత్తులో ఉంది. వరసలో నిలబడమంటే అది నిలబడలేదు. కాఫీ యంత్రం మీట నొక్కగానే పడవలో దీపాలన్నీ ఒక్కసారిగా పోయాయి, ఐస్‌పెట్టె ఆగిపోయింది, గంటలో వెన్న కరిగిపోయింది. జుల్మీరా గుడ్డ సంచీలో పొడి వేసి కాచి వడబోసి ఇచ్చిన కాఫీని ఆయన 'తాత్కాలిక ఏర్పాటు' అని పుస్తకంలో రాశాడు. ఆ తాత్కాలికం చివరిదాకా సాగింది. రోజుకి రెండుసార్లు తలస్నానం అలవాటున్న మనిషి గనక మూడో రోజుకి తొట్టిలో మంచినీళ్ళు అయిపోయాయి. నాలుగో రోజున వాన మొదలైంది. పరాచీలో వాన మొదలైతే దానికి వేళాపాళా ఉండదు. పదో రోజుకి తోలు బూట్ల మీద పచ్చటి నూగు లేచింది. ఆయన వాటిని తుడిచి పెట్టాడు. మళ్ళీ లేచింది. పదిహేనో రోజున జుల్మీరా, "వాటికి నీళ్ళు పోయడం మర్చిపోకు, పూలు పూస్తాయి," అంది.

పడుకునే చోటు పడవ ముక్కులో ఉంది. తలవైపు విశాలం, కాళ్ళ దగ్గరికి వచ్చేసరికి మూడు జానలు కూడా లేదు. నలభై ఏళ్ళ కాపురంలో ఎన్నడూ తగలని కాళ్ళు అక్కడ రోజూ తగువులాడుకునేవి. ఆవిడ నిద్రపోయేది. ఆయనకి మాత్రం పడవ అడుగున నీళ్ళు టపటపమంటుంటే ఎవరో బయట నిలబడి తలుపు తడుతున్నట్టూ, ఆఫీసు వేళ అయిపోయిందని చెప్పినా వెళ్ళనట్టూ ఉండేది.

మూడో వారంలో మరుగుదొడ్డి గొడవ జరిగింది. పడవ మీద అదంత సులువైన వ్యవహారం కాదు. నీళ్ళు లోపలికి రావడానికొక మర, బయటికి పోవడానికొక మర, మధ్యలో చేత్తో ఆడించే పంపు. దీని మీద ఒతాసీలియో ఏకంగా నాలుగు క్లాజులు రాశాడు. రాసినాయన బయటికి పోయే మర తిప్పడం మర్చిపోయి, బలం కొద్దీ పంపు ఆడించాడు. గొట్టం ఊడింది.

జుల్మీరా చేతులు పైకి మడుచుకుని వచ్చింది. "పక్కకి జరుగు."

ఆయన టార్చిలైటూ పుస్తకమూ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "తొమ్మిదో బొమ్మ ప్రకారం చూస్తే, ముందుగా బిగింపు వదులు చెయ్యాలి."

"ఒతాసీలియో, నీ తొమ్మిదో బొమ్మ ప్రస్తుతం నా మోచేతి దాకా ఉంది. బకెట్ అందుకో."

బకెట్ పట్టుకుని, పైజామాతో, ఆయన పైకి వచ్చాడు. సరిగ్గా పదకొండు గంటలు. సరిగ్గా పదకొండు గంటలకి రోజూ యాత్రికుల్ని ఎక్కించుకుని దీవులు చూపించే పెద్ద పడవొకటి అటుగా వెళ్తుంది. దాని మీద మైకు పట్టుకునేవాడి పేరు వాండర్లే. ఊళ్ళో సంగతులు రెక్కలు కట్టుకుని ముందు అతని దగ్గరే వాలతాయి.

"కుడివైపు చూడండి, అమ్మలారా అయ్యలారా," అన్నాడు వాండర్లే మైకులో. "సముద్రపు దొంగల మీద ఫిరంగులు పేల్చిన పాత కోట. ఇప్పుడు ఎడమవైపు చూడండి. తౌబతే నుంచి మా ఊరికి వేంచేసిన నోటరీ గారు. ఆయన చేతిలో ఏముందని మాత్రం అడక్కండి. సరదాగా చెయ్యి ఊపండి."

అరవై మంది చేతులూపారు. ఒక చేతిలో బకెట్ ఉంది గనక ఒతాసీలియో రెండో చేతిని ఊపాడు. ఎందుకు ఊపాడో ఆయనకే తెలీదు.

ఆ మధ్యాహ్నమంతా కూర్చుని రెండు పేజీల అభ్యంతర పత్రం, మూడు ప్రతులు రాశాడు. మర్నాడు దాన్ని స్వయంగా అందించడానికి తెడ్ల పడవ దించాడు. ఆయన కుడిచెయ్యి ముప్పై నాలుగేళ్ళు ముద్రలు కొట్టిన చెయ్యి, ఎడమచెయ్యి కాగితం అదిమిపెట్టినది మాత్రమే. దాంతో తెడ్డు వేసిన ప్రతిసారీ పడవ గుండ్రంగా తిరిగింది. కేక వేస్తే వినపడే దూరానికి నలభై నిమిషాలు పట్టింది. వాండర్లే ఎంతో మర్యాదగా చెయ్యిచ్చి పైకి ఎక్కించుకుని, నిమ్మకాయ పిండిన సారా గ్లాసు చేతిలో పెట్టి, అందినట్టు సంతకం కూడా చేశాడు. ఒతాసీలియో ఆ సంతకాన్ని వెలుతురులో పెట్టి పరీక్షించి, తృప్తిగా తిరిగొచ్చాడు.

ఆ మరుసటి రోజు పదకొండింటికి మైకులో వినపడింది: "'...ఫిర్యాదీ తన సొంత ఓడపై, తన సొంత బకెట్టుతో, చట్టబద్ధముగా నిలబడియుండగా...'"

అరవై మంది నవ్వారు. ఒతాసీలియోకి గుచ్చుకున్నది ఆ నవ్వు కాదు. కింద వంట దగ్గరనుంచి ఇంకో నవ్వు వినపడింది. ఆపుకుందామని చూసి, ఆపుకోలేక, ఎక్కిళ్ళలా బయటపడ్డ నవ్వు. ఆ నవ్వుని ఆయన ఎన్నో ఏళ్ళుగా వినలేదు. మళ్ళీ వినేసరికి అది తనమీదే.

ఆ తర్వాత జుల్మీరా పొద్దున్నే మాయమవడం మొదలైంది. జెనేజియో చెట్టుమాను తొలిచిన తన పడవేసుకుని వచ్చేవాడు. ఆవిడ లాగు మోకాళ్ళదాకా మడిచి అందులో దిగిపోయేది. వల ఎత్తేవాళ్ళు. మొదట్లో ఆవిడ కడుపులో తిప్పి కక్కుకుంది. జెనేజియో అటు తిరిగి కూర్చుని, "చేపలకి పండగ," అని మాత్రం అన్నాడు. రెండో నెల వచ్చేసరికి తెడ్డు వేస్తే పడవ గీత గీసినట్టు వెళ్ళేది. ముడులు నేర్చుకుంది. నీటి రంగు చూసి లోతు చెప్పడం నేర్చుకుంది. మాటలు కూడా నేర్చుకుంది. ఓ రోజు ఇంజను మొరాయిస్తే దాన్ని ఉద్దేశించి ఆవిడ అన్న మాట ఏ నిఘంటువులోనూ ఉండదు.

"ఎక్కడికెళ్ళావు?" అని అడిగాడు ఒతాసీలియో ఒకరోజు.

"వల ఎత్తడానికి."

"సిబ్బంది, కెప్టెన్ అనుమతి లేకుండా ఓడ దిగరాదు."

"ఇరవై రెండో క్లాజు. తెలుసు. చేపలు ఒకరికి వండనా, ఇద్దరికా?"

ఆయన పొయ్యి పైన అంటించిన కాగితం వైపు చూశాడు. "ఇద్దరికి."

జెనేజియో చెప్పిన పద్ధతిలో పచ్చి అరటికాయలు వేసి వండింది. చారు నీలంగా మారింది. ఒతాసీలియో దాన్ని విషమనుకుని ఆవిడ మొదటి చెంచా మింగేదాకా ఆగాడు. తర్వాత మూడుసార్లు వేయించుకున్నాడు.

ఇంతవరకూ జరిగినదంతా లంగరు వేసిన పడవ మీదే. ఎప్పుడైనా కదిలినా ఇంజను మీదే, కూతవేటు దూరం. తెరచాప అసలు బయటికే రాలేదు. గాలి ఉన్నరోజు 'గాలి ఎక్కువ' అని, లేనిరోజు 'గాలి తక్కువ' అని పుస్తకంలో రాసి సాక్షుల చేత సంతకం పెట్టించేవాడు. ఆ సంగతి కూడా వాండర్లే దాకా వెళ్ళింది. "ఎడమవైపుది తెరచాప పడవే, అనుమానం వద్దు," అన్నాడు మైకులో. "చాప కూడా ఉంది. సంచీలో."

మర్నాడు ఆదివారం. ఇల్యా గ్రాంజీ దీవికి తెరచాప మీద ప్రయాణమని ఒతాసీలియో ప్రకటించాడు. తెల్లారి ఎనిమిదింటికే ఒళ్ళు జిడ్డుగా చెమట పట్టింది. సముద్రం నూనె పోసినట్టుంది.

"కైరుసు కొండ టోపీ పెట్టింది చూడు," అంది జుల్మీరా. కొండ మీద మేఘం కూర్చునుంది. "అలా టోపీ పెట్టి ఉక్కపోస్తే మధ్యాహ్నానికి నైరుతి గాలి విరుచుకుపడుతుందట. జెనేజియో చెప్పాడు."

"జెనేజియో దగ్గర కొండ ఉంది. నా దగ్గర ఫోనుంది." ఫోనులో చిన్న సూర్యుడి బొమ్మ పళ్ళు కనపడేలా నవ్వుతోంది. "లంగరు ఎత్తవలెను."

"లంగరు ఎత్తవలెను," అని ఉచ్చరించి, ఆవిడ వెళ్ళి ఎత్తింది.

నిజం చెప్పాలంటే మొదటి రెండు గంటలు బాగున్నాయి. అఖాతం దాటగానే తూర్పు నుంచి పలుచటి గాలి వచ్చింది. తెరచాప రెండుసార్లు విదిలించుకుని నిండింది. ఇంజను ఆపేశాక పడవ ఒక పక్కకి ఒరిగి, చడీచప్పుడూ లేకుండా తనంతట తాను నడవడం మొదలుపెట్టింది. చుక్కాని కర్ర ఒతాసీలియో అరచేతిలో ప్రాణమున్నదానిలా సన్నగా వణికింది. ఆయన ఏదో చెబుదామని, "జుల్మీరా," అన్నాడు. ఆవిడ చూసింది. చెప్పవలసిందేమీ లేదని తెలిసి ఊరుకున్నాడు. ఒక్క క్లాజు కూడా గుర్తురాని రెండు గంటలవి.

తర్వాత గాలి ఆగిపోయింది. నైరుతి మూల కొండలు కనపడకుండా పోయాయి. వాటి ముందు నీళ్ళ మీద తెల్లటి చార ఒకటి దగ్గరికొస్తోంది.

"చాప దించుదామా?" అంది జుల్మీరా.

దించాలి. అది ఆయనకి తెలుసు. ఎనిమిదో పుస్తకంలో నాలుగో అధ్యాయం. మొదట పడవ ముక్కు గాలివైపు తిప్పాలా, మొదట ముందు చాప చుట్టాలా? ఆజ్ఞ నాలిక చివర ఉంది, దిగి రాలేదు. చార వచ్చి తాకింది. పడవ దాదాపు పక్కకి పడుకుంది. తెరచాప అడుగున ఉండే అడ్డకొయ్య ఆయన తల మీదుగా రివ్వున దూసుకుపోయింది. ఒతాసీలియో చుక్కాని వదిలేసి, "పుస్తకం," అన్నాడు. అని, మెట్లు దిగి లోపలికి వెళ్ళిపోయాడు.

లోపల పదమూడు పుస్తకాలూ నేలమీద ఉన్నాయి. గోడ గడియారం వాటి మీద ఉంది. ఒతాసీలియో బల్ల కాలుని రెండు చేతులా కౌగిలించుకుని కూర్చుని, దొరికిన పుస్తకాన్ని ఒడిలో తెరిచాడు. అక్షరాలున్నాయి, అర్థం లేదు. పైన ఆవిడ పాదాల చప్పుడు ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్తోంది. ఏదో గొలుసు జారింది. గుడ్డ చిరిగిన చప్పుడు. ఆవిడ ఎవరితోనో నెమ్మదిగా, బుజ్జగింపుగా మాట్లాడుతోంది. "ఊపిరి తీసుకో. అంతే. ఇంకొంచెం. అయిపోవచ్చింది." కాన్పుల వార్డు గొంతు. పడవతో మాట్లాడుతోందనుకున్నాడు ఆయన. కాసేపటికి అర్థమైంది, ఆవిడ తనతో మాట్లాడుతోందని.

"ఒతాసీలియో, వినపడుతోందా? మెట్ల పక్కన నల్ల బొత్తాం ఉంది. అది నొక్కు."

ఆయన పాక్కుంటూ వెళ్ళి నొక్కాడు. ఇంజను అందుకుంది. ఆ తుఫానులో ఆయన చేసిన పని అదొక్కటే.

అరగంట తర్వాత పడవ ఊగడం తగ్గింది. లంగరు గొలుసు గరగరమని దిగింది. ఒతాసీలియో లేచి, జుట్టు సర్దుకుని, నేలమీద పడున్న తన తెల్ల కెప్టెన్ టోపీ దులిపి పెట్టుకుని పైకి వచ్చాడు. కోతియా దీవి చాటున ఉన్నారు. నీళ్ళు నిలకడగా ఉన్నాయి. ఇరవై బారల దూరంలో, గాలికి భయపడి అదే చాటుకి చేరిన వాండర్లే పడవ ఉంది. అరవై మంది యాత్రికులు తడిసి ముద్దయి అంచు పట్టుకుని ఇటే చూస్తున్నారు. టోపీ పెట్టుకున్న కెప్టెన్ కనపడగానే చప్పట్లు కొట్టారు.

ఒతాసీలియో టోపీ ఎత్తి, కొంచెం వంగాడు.

మైకు గరగరలాడింది. వాండర్లే గొంతులో ఈసారి వెటకారం లేదు. "అమ్మలారా అయ్యలారా, చప్పట్లు టోపీకి కాదండీ. ఆ మూల కూర్చున్నారు చూడండి, తడిసినావిడ. ఆవిడకి."

జుల్మీరా తాళ్ళ చుట్ట మీద కూర్చునుంది. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. అరచెయ్యి తాడు ఒరిపిడికి తెగి నెత్తురు వస్తోంది. మొహం మాత్రం ఎవరికో కవల పిల్లలు సుఖంగా పుట్టినట్టుంది. చప్పట్లు రెట్టింపయ్యాయి. ఒతాసీలియో ఎత్తిన టోపీ తిరిగి ఎలా పెట్టుకోవాలో తెలియక చేతిలోనే ఉంచుకున్నాడు.

మర్నాడు పుస్తకంలో రాశాడు: 'ఆకస్మిక నైరుతి గాలికి కెప్టెన్ సమయస్ఫూర్తితో ఓడను కోతియా దీవి చాటుకు చేర్చెను. సిబ్బంది సహకరించెను.' రాసి, కలం జుల్మీరాకి ఇచ్చాడు.

ఆవిడ చదివింది. కట్టుకట్టిన చేత్తో కలం మూత పెట్టి బల్ల మీద ఉంచింది. తిట్టినా బాగుండునని ఆయనకి అనిపించింది.

శనివారం జెనేజియో వచ్చాడు. చేతులు తుడుచుకుని, వేలు పెట్టుకుని చదివాడు.

"నాకు చదువు తక్కువ, డాట్రుగారూ. కాని 'సహకరించెను' అన్న మాట చదవగలిగాను. ఆ రోజు మీ ఒంటి మీద నీటి బొట్టు లేదని ఊరంతా అనుకుంటున్నారు. తడవని కెప్టెన్ కింద నేను సంతకం పెట్టను."

"నువ్వు అక్కడ లేవు కదా."

"లేనండీ. అందుకే పెట్టనంటున్నాను. మీరు లోపలున్నారు కదా, మీరెలా రాశారు?"

జీవితంలో ఎంతమందినో ఇదే ప్రశ్న అడిగిన మనిషి బుట్టలోని చేపల్ని చూశాడు. అవి కూడా ఆయన్నే చూస్తున్నాయి.

ముప్పైమూడో క్లాజు ప్రకారం ఆ పేజీ చెల్లలేదు, కొత్త పేజీ మొదలవలేదు. మూడు రోజులు పడవ మీద చట్టప్రకారం ఏమీ జరగలేదు. జుల్మీరా చిరిగిన తెరచాప కుట్టుకుంది. ఒతాసీలియో ఆ పేజీని రోజుకి పదిసార్లు తెరిచి మూశాడు. చించెయ్యొచ్చు. కాని పేజీ చించినవాళ్ళని ఆయన ఎన్నడూ క్షమించలేదు. తన ఆఫీసులో ఎవడైనా చూడనిదాన్ని చూశానని రాస్తే, వాడి కాగితాన్ని రెండు వేళ్ళతో ఎలా పట్టుకునేవాడో గుర్తొచ్చింది.

నాలుగో రోజు పొద్దున, ఆవిడ వలకి వెళ్ళినప్పుడు, ఆ పేజీ కింద రాశాడు: 'సవరణ. పై వాక్యములో కెప్టెన్ అని యున్న చోట జుల్మీరా అనియు, సిబ్బంది అని యున్న చోట ఒతాసీలియో అనియు, సహకరించెను అని యున్న చోట దాగికొనెను అనియు చదువుకొనవలెను.' పక్కన పూర్తి సంతకం. సంచీ అడుగునుంచి పాత ముద్ర తీసి, నోటితో ఊది, దాన్ని కూడా కొట్టాడు. పుస్తకం తెరిచిపెట్టి, తెడ్ల పడవ ఎక్కి దూరంగా వెళ్ళి గుండ్రంగా తిరుగుతూ కూర్చున్నాడు.

తిరిగొచ్చేసరికి సాక్షిగా జుల్మీరా సంతకం ఉంది. పొయ్యి మీద కాఫీ ఇద్దరికి మరుగుతోంది.

"నాకిక్కడ భయంగా ఉంటోంది, జుల్మీరా," అన్నాడు, కప్పులోకి చూస్తూ. "మొదటి రోజునుంచీ."

"తెలుసు."

"నీకు లేదా?"

"నాకూ ఉంది. కాని నాకు బాగుంది కూడా."

ఆయన ఆ రెండు మాటలూ పక్కపక్కన ఎలా ఇమిడాయో ఆలోచించాడు. "నేను ఒడ్డుకి వెళ్ళిపోనా?"

"వెళ్ళు. ఆదివారం భోజనానికి రా. తలమీద చెయ్యి పెట్టుకుని దిగు, దూలం ఉంది."

ఊళ్ళో మందుల దుకాణం పైన గది తీసుకున్నాడు. నేల కదలదు, మంచానికి నాలుగు మూలలున్నాయి. మొదటి వారం దర్జాగా పడుకున్నాడు. రెండో వారం నిద్ర పట్టక, ఎవరూ తలుపు తట్టడం లేదేమిటా అనుకున్నాడు. కిటికీలోంచి రేవు కనపడుతుంది. పొద్దున్నే లేచి చూసేవాడు. ఒక్కోరోజు పడవ అక్కడ ఉండేది. ఒక్కోరోజు ఉండేది కాదు. లేనిరోజు కాఫీకి రొట్టెల దుకాణానికి పోయి, కనుచూపు మేరలో తెల్ల చాప కనపడేదాకా బల్ల దగ్గరే కూర్చునేవాడు.

అక్కడే ఓసారి పక్క బల్ల దగ్గర కూరిచీబా నుంచి వచ్చిన దంపతులు, పడవ కొందామనుకుంటున్నామని ఆయన్ని మాటల్లో పెట్టారు. ఒతాసీలియో గొంతు సవరించుకుని కోతియా దీవి తుఫాను మొదలుపెట్టాడు. ఉక్కపోత, తెల్లటి చార, అడ్డకొయ్య. తన భార్య ఒంటిచేత్తో చాప ఎలా దించిందో, తను చూడకపోయినా, చూసినవాళ్ళ మాటల మీద చెప్పాడు.

"మరి మీరెక్కడున్నారండీ అప్పుడు?" అని అడిగింది ఆ అమ్మాయి.

ఒతాసీలియో కప్పు కింద పెట్టాడు. ఏదో ఒకటి చెప్పొచ్చు. వాళ్ళు రేపు వెళ్ళిపోతారు.

"కింద," అన్నాడు. "బల్ల కాలు పట్టుకుని, పుస్తకం చదువుతున్నాను. తలకిందులుగా."

వాళ్ళిద్దరూ పడీపడీ నవ్వారు. రొట్టెలమ్మే ఆవిడ నవ్వింది. ఒతాసీలియో మీసం కూడా కదిలింది. మరో కాఫీ తెప్పించుకుని, బకెట్ కథ కూడా చెప్పేశాడు.

అప్పటినుంచి అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఆ కథ అలాగే చెబుతూ వస్తున్నాడు. వాండర్లే తన యాత్రికుల్ని పడవ ఎక్కించే ముందు కాఫీకి అక్కడికే తీసుకొస్తున్నాడు. కథలో దాక్కున్నది తనేనన్న సంగతి ఒతాసీలియో ఎన్నడూ మార్చలేదు. గాలి వేగం మాత్రం వారం వారం పెరుగుతోంది. దానికి సాక్షుల్ని ఎవరూ అడగడం లేదు.